రింగుల్లో దాగిన పుదీనా: ఫ్లేవర్ మార్చేటప్పుడు ట్యాంకు ఎలా కడుగుతారు?

#1 · నీటిసుడి · శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా నా వేప్‌లో, అంటే ఈ-సిగరెట్‌లో, ఒకే పుదీనా లిక్విడ్ వాడుతున్నాను. మెంథాల్ బాగా ఘాటుగా ఉండే రకం. నిన్న దాన్ని పక్కన పెట్టి మామిడి ఫ్లేవర్ నింపాను. సీసా మూత తీస్తే మామిడి వాసన గుప్పున కొడుతోంది. ట్యాంకులో పోసి పీలిస్తే మాత్రం మళ్లీ పుదీనాయే. గొంతంతా చల్లదనం, చివర్లో ఎక్కడో లీలగా మామిడి.

మిగిలిన లిక్విడ్ పారబోశాను. కుళాయి కింద ట్యాంకును మూడుసార్లు కడిగాను, గుడ్డతో తుడిచి కొత్తది నింపాను. గాజు తళతళలాడుతోంది, ఎక్కడా మరక లేదు. లిక్విడ్‌ను వేడిచేసి ఆవిరిగా మార్చే తీగచుట్ట, అంటే కాయిల్, పెట్టి వారం కూడా కాలేదు కాబట్టి దాన్ని మార్చడానికి మనసొప్పలేదు.

సిగరెట్ మానేసి ఇటు వచ్చాను. రుచి నచ్చకపోతే మళ్లీ అటు చూపు పోతుందేమోనని భయంగా ఉంది. అందుకే ఇంత వివరంగా అడుగుతున్నాను. మీరంతా ఫ్లేవర్ మార్చిన ప్రతిసారీ ఏం చేస్తారు? కాయిల్‌ను కూడా కడగవచ్చా?

#2 · పాతకాపు · శనివారం, ఉదయం 8:15

నీటిసుడి గారూ, గాజు తప్పేమీ లేదు. రుచి నిలిచేది గాజులో కాదు, కాయిల్ లోపలి దూదిలో. ఆ దూది ఒక వత్తి. లిక్విడ్‌ను పీల్చుకుని తీగకు అందించడమే దాని పని. వారం రోజులు మెంథాల్ తాగిన వత్తిని అలాగే ఉంచి చుట్టూ ఎంత కడిగినా, కొత్త లిక్విడ్ ఆ పాత వత్తి గుండానే ఆవిరిగా మారాలి. ఇల్లు అలకగానే పండగ కాదంటారు కదా, ఇక్కడ జరిగిందీ అదే.

నా పద్ధతి చెబుతాను. ముందు ట్యాంకును పరికరం నుంచి విప్పి పక్కన పెట్టాలి. బ్యాటరీ ఉన్న భాగం దగ్గరకు నీళ్లు రాకూడదు. తర్వాత అన్నీ విడదీయాలి: పైన పెదవులు పెట్టి పీల్చే మూతి, అంటే డ్రిప్ టిప్, పైమూత, గాజు గొట్టం, కాయిల్, అడుగు భాగం. కాయిల్ తీసి పక్కన పెట్టి, మిగతావన్నీ చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పది, పదిహేను నిమిషాలు నానబెట్టాలి. సలసల కాగే నీళ్లు మాత్రం చల్లటి గాజు మీద పోయకండి, ఉన్నట్టుండి వేడి తగిలితే గాజు చిట్లే ప్రమాదం ఉంది. నానాక మెత్తటి చిన్న బ్రష్‌తో మరల సందుల్లోనూ గాలి రంధ్రాల్లోనూ రుద్ది, నీళ్లు మార్చి రెండుసార్లు కడగాలి. ఆరబెట్టాలి. కొత్త కాయిల్ పెట్టాలి.

తీసిన కాయిల్ వారం నాటిదేనంటున్నారు కాబట్టి పారేయకండి. మళ్లీ పుదీనాకు వెళ్లినప్పుడు పనికొస్తుంది. చిన్న డబ్బాలో మూత బిగించి, మీద పేరు రాసి పెట్టుకోండి. మరీ నెలల తరబడి మాత్రం ఉంచకండి.

#3 · తొలిచినుకు · శనివారం, ఉదయం 9:02

నేను అసలు కడగను. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడి, అదే కాయిల్ మీద కొత్తది నింపేస్తాను. మొదటి సగం ట్యాంకు కలగాపులగంగా ఉంటుంది, తర్వాత అదే సర్దుకుంటుంది. స్ట్రాబెర్రీ నుంచి పుచ్చకాయకు, పుచ్చకాయ నుంచి ద్రాక్షకు మూడేళ్లుగా ఇలాగే మారుతున్నాను. ప్రతిసారీ కొత్త కాయిల్ అంటే వృథా అనిపిస్తుంది.

#4 · పాతకాపు · శనివారం, ఉదయం 9:20

తొలిచినుకు గారూ, మీరు చెప్పింది మీ ఫ్లేవర్లకు నిజమే. ఒక పండు నుంచి ఇంకో పండుకు మారితే నేనూ కడగను. కానీ కొన్ని ఫ్లేవర్లు ఒక పట్టాన వదలవు. మెంథాల్, దాల్చినచెక్క, సోంపు, కాఫీ, పొగాకు ఈ కోవలోవి. వీటి తర్వాత లేత పండ్ల రుచి నింపితే రెండు ట్యాంకులు తాగినా సర్దుకోదు. అందుకే ఒకే కాయిల్ మీద చాలా ఫ్లేవర్లు వాడాలంటే లేతవాటితో మొదలుపెట్టి ఘాటైనవాటితో ముగించమంటాను. నీటిసుడి గారిది దీనికి సరిగ్గా ఎదురుదారి.

#5 · రసశాల · శనివారం, ఉదయం 10:31

నాకు రసాయన శాస్త్రంతో పరిచయం ఉంది కాబట్టి దీని వెనక కారణం చెబుతాను. లిక్విడ్‌లో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. మనం పీజీ, వీజీ అంటున్నవి ఇవే. రెండూ నీళ్లలో ఇట్టే కలిసిపోతాయి. అందుకే జిడ్డు కుళాయి నీళ్లతోనే పోతుంది, గాజు మెరుస్తుంది. మెంథాల్ సంగతి వేరు. అది నీళ్లలో చాలా కొద్దిగానే కరుగుతుంది, ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది. దాల్చినచెక్క ఘాటుకు కారణమైన సిన్నమాల్డిహైడ్ కూడా అంతే.

ఇలాంటి అణువులకు రబ్బరు, సిలికాన్ అంటే మహా ఇష్టం, వాటిలోకి ఇంకిపోతాయి. గాజు, ఉక్కు వాటిని ఇంకించుకోవు. మీ ట్యాంకులో గాజుకు పైనా కిందా లిక్విడ్ కారకుండా ఆపే గుండ్రటి ఓ-రింగులు సిలికానువే అయి ఉంటాయి. ఆరునెలలు సావాసం చేస్తే వారు వీరవుతారన్నట్టు, రెండు నెలల మెంథాల్ సావాసంతో ఆ రింగులు కూడా మెంథాల్ అయిపోయాయి. ఒక్కొక్క దాన్నీ తీసి వాసన చూడండి.

#6 · నీటిసుడి · శనివారం, మధ్యాహ్నం 1:15

పాతకాపు గారు చెప్పినట్టే అంతా విప్పి, నానబెట్టి, కొత్త కాయిల్ పెట్టాను. తేడా స్పష్టంగా ఉంది. మామిడి ముందుకు వచ్చింది. అయినా చివర్లో చల్లదనం కాస్త తగులుతూనే ఉంది.

రసశాల గారి మాట చదివాక రింగులు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆశ్చర్యపోయాను. గాజుకు ఏ వాసనా లేదు, అడుగు భాగానికి లేదు. రింగులు మాత్రం సీసా మూత తీసినట్టే ఉన్నాయి!

వీటిని స్పిరిట్‌లో నానబెట్టవచ్చా? ఇంట్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంది. ఇంకొకటి, పొడి రింగులు తిరిగి ఎక్కడం లేదు. కొబ్బరినూనె చుక్క రాసి ఎక్కించవచ్చా?

#7 · రసశాల · శనివారం, మధ్యాహ్నం 1:22

నూనె వద్దు. ఏ నూనే వద్దు, ఒక్క చుక్క కూడా. ముందు ఇది చదివి తర్వాత మిగతా పని చూడండి.

నూనె పీజీ, వీజీలలా ప్రవర్తించదు. అది ఊపిరితిత్తుల్లోకి చేరితే లిపాయిడ్ న్యుమోనియా అనే జబ్బుకు దారి తీయవచ్చు. 2019లో అమెరికాలో వేప్ వాడిన ఎంతోమంది ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రుల్లో చేరారు, కొందరు చనిపోయారు. ఎక్కువగా గంజాయి సారమైన టీహెచ్‌సీ ద్రవాల్లో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్ అనే నూనె లాంటి పదార్థానికి అందులో గట్టి సంబంధం ఉందని తేల్చారు. రింగు మీద రాసే చుక్క దానితో సమానమని నేననడం లేదు. కానీ ఆవిరి దారిలో నూనెకు చోటు ఇవ్వకూడదు. వంటనూనె, వ్యాసలీన్, సుగంధ తైలాలు, ఏవీ వద్దు.

రింగు జారాలంటే మీరు నింపబోయే లిక్విడ్‌నే ఒక చుక్క వేలికి రాసుకుని తడపండి. సులువుగా ఎక్కుతుంది.

#8 · అంజనం · శనివారం, మధ్యాహ్నం 2:05

ఆల్కహాల్ గురించి నా అనుభవం చెబుతాను. నా మొదటి ట్యాంకు గాజుది కాదు, పారదర్శకమైన ప్లాస్టిక్‌ది. అప్పట్లో ఆ తేడా పట్టించుకోలేదు. దాల్చినచెక్క ఫ్లేవర్ నింపి నాలుగు రోజులు వాడాను. గొట్టం లోపల మసక కమ్మింది. మరక అనుకుని స్పిరిట్‌తో రుద్దాను. మర్నాడు సంచిలో చెయ్యి పెడితే అంతా జిగట, గొట్టం నిలువునా సన్నగా బీటలు వారి లిక్విడ్ మొత్తం కారిపోయింది. సంచిలోని కాగితాలు తడిసి పనికిరాకుండా పోయాయి, నికోటిన్ అంటిన చేతిని నేను చాలాసేపు కడుక్కోవలసి వచ్చింది.

పాలికార్బొనేట్, యాక్రిలిక్ లాంటి ప్లాస్టిక్‌లను దాల్చినచెక్క, నిమ్మజాతి, సోంపు ఫ్లేవర్లు పాడుచేస్తాయని తర్వాత తెలిసింది. ఆల్కహాల్ కూడా వాటిలో బీటలు తెప్పించవచ్చు. కాబట్టి నీటిసుడి గారూ, ముందు మీ గొట్టం గాజో, ప్లాస్టికో నిర్ధారించుకోండి. గోటితో తడితే తెలుస్తుంది. గాజు, ఉక్కు భాగాలకైతే ఆల్కహాల్ ఫరవాలేదు, తర్వాత నీళ్లతో బాగా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. మంట దగ్గర మాత్రం ఈ పని చేయకండి.

#9 · రసశాల · శనివారం, మధ్యాహ్నం 2:18

అంజనం గారి మాటకు ఒకటి చేరుస్తాను. సిలికాన్ రింగులను ఆల్కహాల్‌లో గంటల తరబడి నానబెడితే కాస్త ఉబ్బి, కొలత తప్పవచ్చు. రెండు నిమిషాలు ముంచి తీస్తే చాలు. దానికంటే మంచి మార్గం రింగులనే మార్చేయడం. చాలా ట్యాంకుల పెట్టెలో అదనపు రింగుల చిన్న సంచి ఉంటుంది. దాన్ని ఎవరూ విప్పరు! ఒక్కసారి వెతకండి.

#10 · వెండిమబ్బు · శనివారం, సాయంత్రం 4:40

గిన్నెలు తోమే సబ్బు ఎవరూ చెప్పలేదేమిటి? నిమ్మ వాసన ఉన్న సబ్బుతో నా ట్యాంకు అద్దంలా వస్తుంది.

#11 · పాతకాపు · శనివారం, సాయంత్రం 5:10

సబ్బు వాడవచ్చు వెండిమబ్బు గారూ, కానీ ఆ నిమ్మ వాసనే నాకు అభ్యంతరం. మనం ఒక పరిమళాన్ని తీయడానికి కూర్చుని ఇంకోదాన్ని రింగులకు పట్టిస్తున్నాం. వాసన లేని సబ్బు ఒక్క చుక్క చాలు, నురుగు పూర్తిగా పోయేదాకా కడగాలి.

సబ్బుకంటే నాకు వంటసోడా మీద నమ్మకం ఎక్కువ. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా కలిపి, భాగాలను అరగంట ఉంచితే వాసన తగ్గుతుంది. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి, లేకపోతే సందుల్లో తెల్లటి పొడి నిలుస్తుంది. నీళ్లలోని సున్నపు లవణాల వల్ల గాజు మీద తెల్లటి చారలు పడితే దానికి వెనిగర్ కలిపిన నీళ్లు మంచివి. సోడానూ వెనిగర్‌నూ కలిపి వాడేవాళ్లు ఉన్నారు, పొంగు చూడటానికి బాగుంటుంది కానీ ఒకదాని బలాన్ని ఇంకొకటి తినేస్తుంది. విడివిడిగా వాడాలి.

#12 · తొలిచినుకు · శనివారం, సాయంత్రం 6:25

కాయిల్ కడగవచ్చా అన్న ప్రశ్నకు ఇంకా ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. నేను కడుగుతాను. వేడి నీళ్లలో గంట నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చి, గుడ్డ మీద నిలబెట్టి ఆరబెడతాను. ఇంకో నాలుగైదు రోజులు పని చేస్తుంది.

#13 · చుట్టుతీగ · శనివారం, సాయంత్రం 7:05

నాలుగైదు రోజులు వస్తుందంటే నమ్ముతాను, అంతకు మించి ఆశించకూడదు. మనం కొనే రెడీమేడ్ కాయిల్‌లో దూది తీగకు అతుక్కుని లోపల బిగించి ఉంటుంది. నీళ్లు లోపలికి పోతాయి, పాత రుచిలో కొంత బయటికి వస్తుంది. కానీ తీగ మీద నల్లగా పట్టిన పెచ్చు నీళ్లకు రాదు. తీపి కోసం కలిపే సుక్రలోజ్ వేడికి మాడి కట్టే పెచ్చు అది. తీపి ఎక్కువున్న లిక్విడ్లకు కాయిల్ త్వరగా పోయేది అందుకే. ఎట్టి పరిస్థితుల్లోనూ దూది ఉన్న కాయిల్‌ను పొడిగా కాల్చి శుభ్రం చేయాలనుకోకండి. దూది మాడిపోతుంది, ఆ పొగ గొంతును కోసేస్తుంది.

నేను దూది విడిగా మార్చుకునే రకం ట్యాంకు వాడతాను. ఫ్లేవర్ మార్చాలనిపిస్తే పాత దూది లాగేసి, తీగను తక్కువ వాటేజ్ మీద కొద్దికొద్దిగా మెరిపిస్తాను. పెచ్చు బూడిదవుతుంది, చల్లారాక మెత్తటి బ్రష్‌తో రాలగొట్టి కడుగుతాను. కొత్త దూది దూర్చడానికి మొత్తం ఐదు నిమిషాలు. కాంథాల్, నిక్రోమ్ తీగలను ఇలా కాల్చవచ్చు, స్టెయిన్‌లెస్ ఉక్కును ఇంకా సున్నితంగా. టైటానియం, స్వచ్ఛమైన నికెల్ తీగలను మాత్రం ఎప్పుడూ ఎర్రగా కాల్చకూడదు. రోజుకో రుచి కావాలనుకునేవారికి ఇంతకంటే మంచి దారి లేదని నా అభిప్రాయం.

#14 · నల్లకలువ · శనివారం, రాత్రి 8:30

నాది విడదీసే ట్యాంకు కాదు, పాడ్ అనే చిన్న గుళిక. కాయిల్ లోపలే అతికించి ఉంది, బయటికి రాదు. నాలాంటివారు ఏం చేయాలి?

#15 · పాతకాపు · శనివారం, రాత్రి 8:41

దాన్ని కడగకండి. నీళ్లు లోపలికి పోతే బయటికి వచ్చే దారి సరిగా ఉండదు, ఆరడానికి రోజులు పడుతుంది. ఒక్కో ఫ్లేవర్‌కు ఒక్కో పాడ్ కేటాయించుకోండి. అడుగున చిన్న చుక్క రంగు పెడితే గుర్తుంటుంది.

#16 · అంజనం · శనివారం, రాత్రి 9:15

ఆరబెట్టడం గురించి అందరూ ఒక్క ముక్కలో దాటేస్తున్నారు, అది నాకు నచ్చలేదు. ఒకసారి తొందరలో తడి ఆరకుండానే బిగించాను. మొదటి పీల్పుకే లోపల చిటపటలు, వేడి చుక్క ఎగిరి పెదవి మీద పడి పొక్కింది. నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. పీజీకి 188, గ్లిజరిన్‌కు 290 కావాలి. లిక్విడ్‌ను ఆవిరి చేసే వేడికి నీటి బొట్టు ఒక్కసారిగా పేలినట్టు ఎగురుతుంది.

తుడవడానికి పోగులు రాలని గుడ్డ తీసుకోండి, మరల సందుల్లో కాగితాన్ని మెలిపెట్టి తిప్పండి. అడుగున పరికరానికి తగిలే, 510 అని పిలిచే మర మధ్యలో చిన్న పిన్ను ఉంటుంది, దాని చుట్టూ తడి అస్సలు ఉండకూడదు. రాత్రి విడదీసి పెట్టి పొద్దున బిగించడం నా అలవాటు. కడిగిన కాయిల్‌కైతే కనీసం ఒక పూర్తి రోజు, ఇంకా ఎక్కువైతే మంచిది.

#17 · నిర్వాహకుడు · శనివారం, రాత్రి 9:50

చర్చ చక్కగా సాగుతోంది. మొదటి సందేశంలో "మిగిలిన లిక్విడ్ పారబోశాను" అన్న మాట దగ్గర మాత్రం ఆగాలి. నికోటిన్ విషపదార్థం, చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళుతుంది. నీటిలో బతికే జీవులకూ హాని చేస్తుంది. మిగిలిన లిక్విడ్‌ను సింకులో పోయకండి. తిరిగి సీసాలోకి తీసుకోండి, లేదా మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోగుచేసి మీ దగ్గర ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే చోట ఇవ్వండి. కాయిల్ తీసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి.

ఇంట్లో చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉంటే ట్యాంకు భాగాలు, నానబెట్టిన నీళ్లు వాళ్లకు అందేచోట వదలకండి. పండ్ల వాసన వచ్చే నీళ్ల గ్లాసు పసిపిల్లలకు తాగే పానీయంలాగే కనిపిస్తుంది. దీని కోసం విడిగా ఒక గిన్నె ఉంచుకోండి, వంటింటి గ్లాసులు వాడవద్దు.

పొగతాగని వారెవరైనా ఇది చదువుతుంటే, రుచుల కోసం ఈ అలవాటు మొదలుపెట్టకండి.

#18 · నీటిసుడి · ఆదివారం, ఉదయం 8:05

నిర్వాహకులు చెప్పింది నా తప్పే. ఇకమీదట సింకులో పోయను. డబ్బా ఒకటి పెట్టుకున్నాను.

పెట్టె అడుగున నిజంగానే రింగుల సంచి ఉంది. గాజుకు పైనా కిందా ఉన్న రెండు, అడుగు భాగంలోది ఒకటి, మొత్తం మూడు మార్చాను. రాత్రంతా ఆరబెట్టాను. కొత్త కాయిల్ మీద ఐదారు చుక్కల మామిడి వేసి, నింపాక పది నిమిషాలు ఆగి, తక్కువ వాటేజ్‌తో మొదలుపెట్టాను. ఇప్పుడు నూటికి తొంభై పాళ్లు మామిడే. పీల్పు మొదట్లో మాత్రం పెదవుల దగ్గర చల్లగా తగులుతోంది. ఇది నా భ్రమేమో తెలియడం లేదు.

#19 · వెండిమబ్బు · ఆదివారం, ఉదయం 8:50

ముక్కు అలవాటు పడిపోవడం వల్ల కూడా కావచ్చు. ఒకే వాసన రోజుల తరబడి పీలిస్తే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అప్పుడు మామిడి తక్కువగా, మిగతావి ఎక్కువగా తెలుస్తాయి. కొన్ని గంటలు ఆగి, మంచినీళ్లు తాగి మళ్లీ చూడండి.

#20 · పాతకాపు · ఆదివారం, ఉదయం 9:12

మామిడి మొదలుపెట్టి రెండు రోజులే కాబట్టి ముక్కు అలవాటు అనుకోను. చల్లదనం పెదవుల దగ్గరే తెలుస్తోందంటున్నారు, పీల్పు మొదట్లోనే అంటున్నారు. మూతిని బయటికి లాగి దాని కాండం చూడండి. అక్కడ ఒకటో రెండో చాలా సన్నటి రింగులు ఉంటాయి, గాడిలో కూర్చుని ఉంటాయి కాబట్టి కంటికి ఆనవు. మూతి దేనితో చేసినదో కూడా చెప్పండి.

#21 · నీటిసుడి · ఆదివారం, మధ్యాహ్నం 12:30

రెండు ఉన్నాయి! మూతితోపాటు నల్లగా ఉండటంతో అవి రింగులని ఇన్నాళ్లూ గమనించలేదు. మూతి ప్లాస్టిక్‌ది. దానికీ వాసన ఉంది, కానీ రింగులంత లేదు. రింగులు రెండూ మార్చాను. మూతిని వంటసోడా నీళ్లలో రెండు గంటలు ఉంచి, కడిగి, ఆరబెట్టి బిగించాను.

ఇప్పుడు మామిడి ఒక్కటే. పచ్చి మామిడి కాదు, బాగా పండిన దాని తీపి, మొదటి నుంచి చివరి దాకా. మూడు రోజుల తర్వాత ఆ రుచి విడిగా తెలిసినప్పుడు ఎంత హాయిగా ఉందో మాటల్లో చెప్పలేను. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పాత రింగులు ఐదింటినీ బాగా కడిగి, పుదీనా కాయిల్ ఉన్న డబ్బాలోనే పెట్టాను. పుదీనాకు తిరిగి వెళ్లే రోజు వస్తే అవే వేసుకుంటాను.

#22 · తొలిచినుకు · ఆదివారం, మధ్యాహ్నం 1:05

ఇది చదివాక నా ట్యాంకు మూతి కూడా లాగి చూశాను. సన్నటి రింగు ఒకటి ఉంది, ద్రాక్ష వాసన వస్తోంది. ద్రాక్ష వాడి రెండు నెలలైంది. ఈ రాత్రి అంతా విప్పి నానబెడుతున్నాను.

#23 · పాతకాపు · ఆదివారం, మధ్యాహ్నం 1:11

నీళ్లు పోసే ముందు రింగులు ఏ గాడిలోవి ఆ వరుసలోనే గుడ్డ మీద పేర్చుకోండి. ఒకే కొలతలా కనిపించేవి కూడా మందంలో తేడాగా ఉంటాయి, తారుమారైతే ట్యాంకు కారుతుంది.